వదిన కాల్చిన బూడిదరంగు పలక

మా వదిన ఇంటికి వచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం గిన్నెలో మంచుగడ్డ పెట్టి, నాన్నను, అన్నయ్యను, నన్ను వంటగది బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. చేతిసంచిలోంచి వేలెడంత పొడుగున్న బూడిదరంగు పలక ఒకటి తీసింది. చూడ్డానికి పగిలిన పింగాణీ పళ్ళెం ముక్కలా ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అంచును మంచుగడ్డకు ఆనించింది. ఏమాత్రం బలం పెట్టలేదు. తడి సబ్బులోకి దారం దిగినట్టు పలక మంచులోకి దిగిపోయింది.

"ఇందులో మాయేం లేదు మామయ్యా. నా వేళ్ళ వేడి పలకలోంచి పరిగెత్తి మంచుని కరిగిస్తోంది, అంతే," అంది.

అన్నయ్య తన చేతులు వెనక్కి దాచుకుని, ఈవిడ వేళ్ళలో ఇంత నిప్పుందని ముందే తెలిస్తే కాస్త దూరం దూరంగా మసలుకునేవాణ్ణన్నాడు. నేను నవ్వాను. నాన్న మాత్రం నవ్వలేదు. పలకను అడిగి తీసుకున్నాడు. గోటితో దాని అంచు తడిమి, చెంపకు ఆనించుకుని, ఇనుములా చల్లగా ఉందన్నాడు. తర్వాత ఒక్క ప్రశ్న వేశాడు.

"దీని ధూళి సంగతేంటమ్మా?"

 ఏ ధూళి అయినా పీల్చకూడనిదేననీ, దీన్ని సాన పట్టేటప్పుడు కూడా నీళ్ళు, ముసుగు ఉండాల్సిందేననీ, కానీ ఆ పాతదానిలా ఇది ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని తినెయ్యదనీ వదిన నిదానంగా చెప్పింది. నాన్న తలూపి పలక తిరిగిచ్చేశాడు. లేచి తన గదిలోకి వెళ్తూ మధ్యలో గోడ పట్టుకుని ఆగాడు. ఆ గదికి పట్టుమని పది అడుగులు ఉండవు.

ఆ పాతది ఏమిటో చెప్పాలి. నాన్న, నేను, వదిన ముగ్గురం పనిచేసింది ఒకే కర్మాగారంలో. అక్కడ గడియారాల గుండెలు తయారవుతాయి. చేతికి కట్టుకునే గడియారాలకు కాదు, ఓడలకు, టెలిఫోను కేంద్రాలకు, భూకంపాలను వినే యంత్రాలకు. ఆ గుండె ఒక క్రిస్టల్. చిటికెనవేలి గోరంత ఉంటుంది. కరెంటు తగిలితే లెక్కకు అందనంత వేగంగా, ఒకే లయలో అదురుతుంది. ఆ అదురు లెక్కపెట్టే కాలం చెబుతాం. దాని చాదస్తం ఒక్కటే. చలి పడదు, వేడి పడదు. చుట్టూ రవ్వంత వేడి మారినా లయ మారిపోతుంది. అందుకని దాన్ని అగ్గిపెట్టెంత ఓవెన్‌లో పెట్టి, బయట మంచు కురిసినా ఎండ కాసినా లోపల ఒకే వెచ్చదనం ఉండేలా చూస్తాం.

ఆ వెచ్చదనం క్రిస్టల్ చుట్టూ సమంగా పాకాలంటే దాని కింద ఒక పలక కావాలి. రాగి పెడితే వేడి బాగానే పాకుతుంది, కానీ కరెంటు కూడా పాకి లోపలి తీగలన్నీ గందరగోళమవుతాయి. మామూలు పింగాణీ పెడితే కరెంటు ఆగుతుంది, వేడి కూడా పెళ్ళినడకలే నడుస్తుంది. కరెంటును ఆపి వేడిని వదిలే వస్తువులు లోకంలో అరుదు. అలాంటిదే బెరీలియా. పాలలా తెల్లగా ఉండే ఆ పలకలనే మా కర్మాగారం ఏళ్ళ తరబడి వాడింది. పలకగా ఉన్నంతసేపూ అది ఎవరి జోలికీ రాదు. సాన పట్టినప్పుడు లేచే ధూళే యముడు. నాన్న చేసింది ఆ సాన పనే. నాన్న పనిలో చేరిన రోజుల్లో ఆ సంగతి అక్కడ ఎవరికీ అంతగా తెలియదు. తెలిశాక ముసుగులు, గాలి లాగే గొట్టాలు వచ్చాయి. నాన్న ఛాతీకి అవి ఆలస్యంగా వచ్చాయి.

కాబట్టి వదిన ఆ సాయంత్రం మంచుగడ్డ కోసింది వినోదానికి కాదని మా అందరికీ తెలుసు. ఆవిడ చదివింది సిరామిక్కుల చదువు. ఆ బూడిదరంగు పలక అల్యూమినియం నైట్రైడ్. వేరే చోట తయారైన ఆ నమూనాను సంచిలో వేసుకుని తిరుగుతూ ఉండేది. అలాంటిది మా కొలిమిలోనే కాల్చి, బెరీలియాను గుమ్మం దాటించాలన్నది ఆవిడ పట్టుదల.

అడగాల్సింది పెద్దసారును. ఆయన మా చీఫ్ ఇంజనీరు. నవ్వగా చూసినవాళ్ళు లేరు గానీ, కోపంతో గొంతు పెంచగా విన్నవాళ్ళూ లేరు. వదిన చెప్పిందంతా విని, బాగానే ఉందన్నాడు. అయితే క్రిస్టల్ ఎవరి మంచితనాన్నీ చూసి మెచ్చుకోదనీ, దాన్ని ఒప్పించగలిగితే తనను ఒప్పించినట్టేననీ చెప్పాడు. సముద్రం అడుగున పెట్టి ఏడాదిపాటు భూకంపాలను వినే యంత్రాల కోసం శాస్త్రవేత్తలు కొందరు గడియారాలు అడిగారప్పుడు. ఆ యంత్రాలను తీసుకెళ్ళే ఓడ బయల్దేరే లోపు కొత్త పలక నిలబడితే వాటిలో అదే పెడదామన్నాడు.

వదిన కాల్చిన మొదటి వాయి పలకలు నేనూ చూశాను. మాసిన గుడ్డ రంగులో, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. వేడిని కొలిస్తే రావాల్సినదానిలో సగం కూడా పాకలేదు. రెండో వాయి అంతే. మూడోది ఇంకా దరిద్రం. తెరిచిన ప్రతిసారీ కొలిమితో మాట్లాడేది వదిన. "నీకేం తక్కువ చేశానే తల్లీ, చెప్పకుండా మూతి ముడుచుకుంటే నాకెలా తెలుస్తుంది" అని. పక్క గదిలోవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఒక వర్షం రోజు పొడి డబ్బా మూత తీసి, ఉన్నట్టుండి ముక్కు దగ్గర పెట్టుకుంది. నన్ను పిలిచి వాసన చూడమంది. చూశాను. ఘాటుగా, కడగని మరుగుదొడ్డి వాసన. మొహం పక్కకు తిప్పుకున్నాను. వదిన మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ పొడికి తేమ తగిలితే అమోనియా వాసన వేస్తుందట. అంటే మా గదిలోని వానగాలే పొడిని పాడుచేస్తోంది. తేమలోంచి ఆక్సిజన్ దూరి కూర్చుంటే, ఆ పలకలో వేడి గతుకుల రోడ్డు మీద బండిలా అడుగడుక్కీ ఎగిరిపడుతుంది.

ఇంత కంపులో ఇంత సంతోషం వెతుక్కున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజునుంచి పొడి పని అంతా గాజు తలుపున్న పెట్టెలోకి మారింది. లోపల తేమ లేని నైట్రోజన్. పక్కల్లో అమర్చిన పొడుగు తొడుగుల్లోకి చేతులు దూర్చి బయటినుంచి పనిచెయ్యాలి. నీళ్ళతో కలపడం మానేసి ఆల్కహాల్‌తో కలిపింది. చిటికెడు యిట్రియా అనే మరో పొడి జోడించింది. ఇంట్లో తగవులు పెట్టే చుట్టాన్ని మర్యాదగా తీసుకెళ్ళి ఒక మూల కూర్చోబెట్టే పెద్దమనిషి లాంటిది అది అని నాకు చెప్పింది. మిగిలిపోయిన ఆక్సిజన్‌ను పోగుచేసి రేణువుల మధ్య మూలల్లోకి నెట్టేస్తుందట. దారి మధ్యలో అడ్డం లేకపోతే వేడి హాయిగా సాగిపోతుంది. ఇనుము నీరయ్యే వేడి కన్నా ఎక్కువ వేడిలో, మళ్ళీ నైట్రోజన్‌లోనే కాల్చి, చల్లారాక కొలిమి తెరిచింది. పలకలు బూడిదరంగులో, కొంచెం కాంతి దూరేలా, మచ్చ లేకుండా ఉన్నాయి. కొలిచాం. ఆవిడ సంచిలోని నమూనాకు ఏమాత్రం తీసిపోలేదు.

కొలిమి గదివాళ్ళు చప్పట్లు కొట్టారు. వదిన ఇంటికొచ్చి భోజనం మధ్యలో కంచం ముందే నిద్రపోయింది. అన్నయ్య ఆవిడ చేతిలోని గరిటె మెల్లగా తీసి పక్కన పెట్టాడు. అన్నయ్య బస్సు డ్రైవరు. ఇంట్లో ముగ్గురు గడియారాల మనుషులుండి కూడా నీ బస్సు టైముకి రాదేంట్రా అని ఊరంతా అతన్ని ఆటపట్టించేవాళ్ళు.

అయితే అసలు తంటా అప్పుడే మొదలైంది. ఆ పలకలు బిగించిన గడియారాలు నా దగ్గరికి వచ్చాయి. నాది పరీక్షల గది. గడియారాన్ని చలిపెట్టెలో పెట్టి, చలి పెంచి, తగ్గించి, వేడి చేసి, అది తప్పటడుగు వేస్తుందేమో చూడ్డం నా పని. కొత్తవి తప్పటడుగు కాదు, గెంతులే వేశాయి. సాఫీగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి లయ చిన్నగా ఎగిరేది. మళ్ళీ సర్దుకునేది. మళ్ళీ ఎగిరేది. సముద్రం అడుగున అలా ఎగిరితే భూమి ఎక్కడ కదిలిందో చెప్పేవాళ్ళ లెక్క తప్పుతుంది.

నేను ఈ మాట మోసుకెళ్ళి వదినకు చెప్పాలి. ఇంట్లో మరదలిని, ఇక్కడ ఆవిడ పనిని తప్పుపట్టే మనిషిని. పరీక్షల లెక్కలున్న కాగితం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా మొహం చూసి, కాగితం నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు దాచకుండా తెచ్చావు చూడు, అదే పెద్ద సాయం మరదలా," అంది.

పెద్దసారు అందరినీ తన గదికి పిలిచాడు. వదిన, నేను, సానమ్మ. సానమ్మ అంటే నాన్న తర్వాత ఆ సాన ముందు కూర్చున్న ఆవిడ. అసలు పేరు ఎవరూ వాడరు. ఓడ బయల్దేరే సమయం దగ్గరపడింది. గిడ్డంగిలో పాత బెరీలియా పలకలు కొన్ని ఉన్నాయనీ, వాటికి ఇక చివరి సాన పట్టడమే మిగిలిందనీ, ఇప్పుడు గాలిగొట్టాలూ ముసుగులూ అన్నీ నియమం ప్రకారం ఉన్నాయి కాబట్టి ఈ ఒక్కసారికి వాటితో గడుపుకుందామనీ పెద్దసారు అన్నాడు. ఆయన మాటలో అన్యాయం లేదు. సానమ్మ తలవంచుకుని, అలాగేనండి, రేపే మొదలుపెడతానంది.

వదిన సానమ్మ వైపు చూసింది. తర్వాత అంది.

"అయితే సార్, ఆ పలకలు నేను సాన పడతాను. నా పలక నిలబడలేదు కాబట్టే కదా ఈ పని మళ్ళీ వచ్చింది."

"మీకా పని అలవాటు లేదమ్మా."

"నేర్చుకుంటాను. ముసుగు, గొట్టం అన్నీ ఉన్నాయన్నారుగా."

"ఉన్నాయి. కానీ మిమ్మల్ని ఆ గదిలో కూర్చోబెట్టి నేను ఇక్కడ పని చేసుకోలేను."

"సానమ్మ కూర్చుంటే చేసుకోగలరా సార్?"

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.  పెద్దసారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆయనకు నాన్న బాగా తెలుసు. ఇద్దరూ కుర్రవాళ్ళుగా ఒకే రోజుల్లో పనిలో చేరారు. ఆయన కిటికీ వైపు తిరిగి, ఓడవాళ్ళతో తాను మాట్లాడతాననీ, వాళ్ళు ఎంత ఆగితే అంతవరకే మీకు సమయమనీ, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పాడు. బయటికొచ్చాక సానమ్మ వదిన చెయ్యి పట్టుకుంది.  వదినే, "ఇంకా గట్టెక్కలేదమ్మా, ముందు పని చూద్దాం పద," అంది.

ఆ తర్వాతి రోజుల్లో నేను వదినను దగ్గరుండి చూశాను. తన పలకను వెనకేసుకొస్తుందనుకున్నాను. అందరికన్నా ఎక్కువగా దాన్నే అనుమానించింది. పలకను ముక్కలు చేసి చూసింది, సూక్ష్మదర్శిని కింద పెట్టింది, వేడి మళ్ళీ మళ్ళీ కొలిచింది. పలకలో దోషం కనిపించలేదు. చివరికి నా గదికి వచ్చి నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కొక్క గడియారం ఎప్పుడు ఎగిరిందో, దానికి ముందు నేను దాన్ని ఏం చేశానో కథలా చెప్పమంది.

చెబుతుంటే నాకే ఒక సంగతి తట్టింది. చలిపెట్టెలో చలి మార్చినప్పుడు అవి ఎగరడం లేదు. పూర్తిగా ఆపేసి, చల్లార్చి, మళ్ళీ వెలిగించిన గడియారాలే ఎగురుతున్నాయి. ఎన్నిసార్లు ఆపి వెలిగిస్తే అంత అల్లరి. ఒక్కసారి కూడా ఆపని గడియారం మాత్రం బుద్ధిగా నడుస్తోంది.

"వేడి సమంగా పాకకపోతే చలి మార్చినప్పుడు ఎగరాలి కదా వదినా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూసి, "మళ్ళీ చెప్పు," అంది. మళ్ళీ చెప్పాను.

వదిన లేచి నిలబడి నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, చిక్కు ఎక్కడుందో చెప్పింది. వేడెక్కితే ప్రతి వస్తువూ సాగుతుంది. క్రిస్టల్ ఉండే లోహపు డబ్బా బాగా సాగుతుంది. బెరీలియా కూడా కొంత సాగి దానికి తోడొచ్చేది. ఈ కొత్త పలక బిగువైనది, ఎంత వేడెక్కినా సాగీ సాగనట్టుంటుంది. ఆ రెండింటినీ గట్టి టంకంతో అతికించాం. పొడుగుకాళ్ళ మనిషినీ పొట్టికాళ్ళ మనిషినీ మడమలు కలిపి కట్టి నడవమన్నట్టు. ఆపి వెలిగించిన ప్రతిసారీ డబ్బా ఒకవైపు లాగుతోంది, పలక రానంటోంది. ఆ గుంజులాట లోపలి క్రిస్టల్‌కు తగులుతోంది. టంకం ఉండుండి కాస్త పట్టు సడలినప్పుడల్లా లయ ఎగురుతోంది. తప్పు పలకదీ కాదు, డబ్బాదీ కాదు, వాటి మధ్య ముడిది.

గట్టి టంకం తీసేసి, వెండి పొడి కలిపిన మెత్తని జిగురు వాడాలని తేల్చింది. అది వేడిని వదులుతుంది, లాగుడుకు లొంగుతుంది. మందంగా పూస్తే వేడి ఆలస్యమవుతుంది, కాబట్టి పొర బాగా పల్చగా ఉండాలి. అంత పల్చటి పొర నిలవాలంటే పలక అద్దంలా చదునుగా ఉండాలి. ఆ పని సానమ్మ తీసుకుంది. కొత్త సాన రాయి, కొత్త గది, పాత ధూళి జాడ లేని చోట, నీటి ధార కింద, ముసుగు కట్టుకునే కూర్చుంది. ఆవిడ పంపిన మొదటి పలకలో వదిన తన మొహం చూసుకుని జుట్టు సవరించుకుంది. జిగురులోని ఆవిరంతా పోయేదాకా ఓపిగ్గా వెచ్చబెట్టి, గడియారాలు మూతవేసి నాకు ఇచ్చారు.

నేను వాటిని ఆపాను, వెలిగించాను. చల్లార్చాను, వెలిగించాను. కావాలని వేధించాను. ఏదీ ఎగరలేదు. పెద్దసారు తనే వచ్చి నా కుర్చీలో కూర్చుని, తెరమీద సన్నటి గీత నిటారుగా సాగిపోవడం చూశాడు. ఎంతసేపటికీ లేవలేదు. లేచాక వదినకు నమస్కారం పెట్టాడు. మామూలుగా పలకరింపుకి పెట్టేది కాదు, చేతులు పూర్తిగా జోడించి పెట్టింది. వదిన కంగారుపడి, సార్, సార్ అంటూ వెనక్కి జరిగి నా కాలు తొక్కింది.

ఓడ కాస్త ఆలస్యంగానైనా మా గడియారాలతోనే కదిలింది. గిడ్డంగిలోని బెరీలియా పలకలను మూసిన డబ్బాల్లో, వాటిని సవ్యంగా వదిలించేవాళ్ళకు అప్పగించారు. పాత సాన గదిని కడిగించి తాళం వేశారు. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి నాన్న మంచం పక్కన నేలమీద కూర్చుంది. గది మూసేశారు మామయ్యా అంది. నాన్న ఆవిడ తలమీద చెయ్యి వేసి, సానమ్మ పిల్లలు చిన్నవాళ్ళు కదా అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ వేరే సంగతులు మాట్లాడుకున్నారు.

నాన్న ఊపిరి బాగుపడలేదు. బాగుపడే జబ్బు కాదది. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద సిలిండరు వచ్చాయి. కానీ యంత్రాలు సముద్రంలోంచి పైకి వచ్చిన కొన్ని నెలలకు, వాటిని వేసి తీసిన శాస్త్రవేత్త మా కర్మాగారానికి వస్తోందని తెలిసి, తనూ వస్తానని పట్టుబట్టాడు. అన్నయ్య సెలవు పెట్టి సిలిండరుతో సహా తీసుకొచ్చాడు. ఆ ఒక్కరోజు అతను చెప్పిన సమయానికే వచ్చాడు.

శాస్త్రవేత్త ఎండకు కమిలిన మొహంతో ఉన్న నడివయసు ఆవిడ. మా గడియారాలు ఏడాదిలో ఎంత తప్పాయో పోల్చి చూసుకున్నామని చెప్పింది. ఆ తేడా ఎంత చిన్నదంటే, మొదట తమ కొలతే పొరపాటనుకుని మళ్ళీ కొలిచారట. అడుగున జరిగిన ఒక కదలికను, ఇన్నాళ్ళూ పాత లెక్కలు ఎక్కడో చూపిస్తూ వచ్చినదాన్ని, ఈసారి సరైన చోట పెట్టగలిగామంది. తీరంలో ఉన్నవాళ్ళకు ముందు ముందు అది అక్కరకొస్తుందంది. పెద్దసారు వదినను చూపించాడు. వదిన నన్నూ సానమ్మనూ ముందుకు లాగింది. సానమ్మ సిగ్గుపడి నా వెనక నక్కింది.

నాన్న కుర్చీలోంచి చెయ్యెత్తాడు. మాట్లాడాలంటే ముందు ఊపిరి కూడదీసుకోవాలి కాబట్టి అందరం ఆగాం.

"ఆ అడుగున చలి ఎంతుంటుందమ్మా?"

"మంచుకి కొంచెం ఇవతల. వెలుతురు అసలుండదు," అంది ఆవిడ.

"ఏడాదంతానా?"

"ఏడాదంతా. ఎప్పుడూ."

నాన్న వదిన వైపు తిరిగాడు. "ఆ చలిలో కూడా మా కోడలు దాన్ని వెచ్చగా ఉంచిందన్నమాట," అన్నాడు.

వదిన మొహం అటు తిప్పుకుంది. శాస్త్రవేత్త నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, సముద్రం గురించి చాలాసేపు ఆయనకు చెప్పింది. ఎంత లోతో, యంత్రం కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుందో, పైకి వచ్చినప్పుడు దానికి ఏమేం పట్టుకుని ఉంటాయో. నాన్న చిన్నపిల్లాడిలా వింటూ ఉన్నాడు. ఆవిడ చెప్పినవన్నీ ఇంటికి వెళ్ళే దారిలో మళ్ళీ మాకు చెప్పుకొచ్చాడు, మేం అక్కడే ఉన్నామన్న సంగతి మరిచిపోయి. మేమూ కొత్తగా వింటున్నట్టే విన్నాం. మధ్యలో ఊపిరి అందక ఆగినప్పుడు వదిన తర్వాతి మాట అందించేది. నాన్న అవునవునని తలూపి, అక్కణ్ణుంచి మళ్ళీ ఎత్తుకునేవాడు.